పదిలోనే పదకొండు: ఎనిమిదో తరగతి ముగిసేనాటికే అండమాన్ తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్న

శ్రీవిజయపురం: పదో తరగతి పరీక్ష ఇంకా రాయని విద్యార్థికి పదకొండో తరగతి భౌతికశాస్త్రం, గణితం ముందుగానే బోధించడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నగరాల్లో కొత్త విషయమేమీ కాదు. ఆరో తరగతి నుంచే ‘ఫౌండేషన్’ పేరిట ఐ.ఐ.టి., వైద్య ప్రవేశ పరీక్షల పాఠాలు చెప్పే ప్రైవేటు పాఠశాలలు అక్కడ రెండు దశాబ్దాలకు పైగా నడుస్తున్నాయి. ఆ నగరాలతో బంధుత్వాలు తెంచుకోని అండమాన్, నికోబార్ దీవుల తెలుగు కుటుంబాలకు మాత్రం ఈ ఆనవాయితీ మరొక రూపంలో సమస్యగా ఎదురవుతున్నది. పిల్లవానికి సీనియర్ సెకండరీ చదువు ఒక ఏడాది ముందే మొదలుపెట్టించాలంటే అతణ్ణి సముద్రం దాటించాలా, లేక దీవిలోనే ఉంచి చదివించే మార్గం ఏదైనా ఉన్నదా అన్నది ఆ సమస్య.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంత జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 50,404 మంది, అంటే 13 శాతానికి పైగా. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇందులో గణనీయంగా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి పేటల్లో ఇవాళ్టికీ తెలుగు మాట వినిపిస్తుంది. ఇక్కడి నుంచి విశాఖకు గాని, చెన్నైకి గాని దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో మూడు రోజుల ప్రయాణం.

దీవుల పాఠశాలలు కేంద్ర మాధ్యమిక విద్యా మండలికి (సి.బి.ఎస్.ఇ.) అనుబంధమైనవి. ఆ మండలి నిబంధనలలో ‘ముందుగా మొదలుపెట్టడం’ అనే మాటకు చోటు లేదు. విద్యార్థి పేరును తొమ్మిదో తరగతిలో ఒకసారి, పదకొండో తరగతిలో మరొకసారి మండలి వద్ద నమోదు చేయాలి. పది ఉత్తీర్ణుడైతే తప్ప రెండో నమోదు చెల్లదు. పన్నెండో తరగతి పరీక్ష రాయాలంటే ఆ చివరి రెండేళ్లూ గుర్తింపు పొందిన పాఠశాలలో చదివి ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. కాబట్టి పదో తరగతిలో ఉండగానే పదకొండో తరగతి పుస్తకం ఆసాంతం చదివి ముగించిన విద్యార్థికీ, ఆ పుస్తకం ముఖం చూడని విద్యార్థికీ మండలి దస్త్రాల్లో తేడా ఏమీ ఉండదు. ముందుగా మొదలయ్యేది బోధన మాత్రమే. దానికి మార్కు లేదు, ధ్రువపత్రం లేదు.

వయసు నిబంధన కూడా తొందరపడేవారికి అడ్డుకట్టే. వైద్యవిద్యలో చేరగోరే విద్యార్థికి ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలని 2025 నీట్ నిబంధనలు స్పష్టం చేశాయి. ఏడాది ముందే పాఠాలు పూర్తయినంత మాత్రాన ఏడాది ముందే డాక్టరు కోర్సులో చేరడం సాధ్యపడదు. మిగిలిన ఆ ఏడాది మళ్లీ అవే పాఠాల పునశ్చరణకు పోతుంది. నిజానికి ఫౌండేషన్ తరగతులు అమ్ముతున్నదే ఆ పునశ్చరణను.

విదేశాల్లో దారి వేరు

ఏడాది ముందుగా మొదలుపెట్టే పద్ధతి ప్రపంచంలో లేనిదేమీ కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సీనియర్ సెకండరీ పట్టాను వి.సి.ఇ. అంటారు. సాధారణంగా పదకొండో ఏట మొదటి రెండు యూనిట్లు, పన్నెండో ఏట చివరి రెండు యూనిట్లు చదువుతారు. అయితే పాఠశాల అనుమతిస్తే పదో ఏటనే ఒక విషయంలో మొదటి యూనిట్లు చదివి, పదకొండో ఏట ఆ విషయపు తుది పరీక్ష రాసివేయవచ్చు. మెల్బోర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఏర్పాటు సుపరిచితమే. అక్కడి విశ్వవిద్యాలయ ప్రవేశ ర్యాంకు లెక్కలో ఇంగ్లీషుతో పాటు అత్యుత్తమమైన మరి మూడు విషయాల మార్కులు పూర్తిగానూ, అయిదో, ఆరో విషయాల మార్కుల్లో పదో వంతు చొప్పునా చేరతాయి. ముందుగా రాసిన విషయం ఆ లెక్కలో నిలుస్తుంది. చివరి ఏడాది బరువు ఆ మేరకు తగ్గుతుంది.

అంతర్జాతీయ బకలారియెట్ డిప్లొమాలోనూ ప్రామాణిక స్థాయి విషయాలు ఒకటి రెండింటిని మొదటి ఏడాది చివరనే రాసే వెసులుబాటు ఉన్నది. అమెరికాలో ‘ఏపీ’ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూలులో ఉండగానే కళాశాల స్థాయి విషయమొకటి చదివి మే నెలలో పరీక్ష రాస్తే 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. మంచి స్కోరును చాలా కళాశాలలు తమ కోర్సులో భాగంగా పరిగణిస్తాయి.

ఈ మూడు చోట్లా గమనించవలసిన అంశం ఒక్కటే. అక్కడ ముందుకు జరిపేది ఒకటి రెండు విషయాలను మాత్రమే. అదీ పిల్లవానికి పట్టున్న విషయాన్ని. చదివినదానికి పరీక్ష ఉన్నది, దానికి విలువ ఉన్నది. మన నగరాల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. గణితం, భౌతికం, రసాయనం మూడింటినీ మూకుమ్మడిగా కిందికి దింపుతారు. విలువ దేనికీ లేదు. చరిత్ర, భూగోళం, భాషలు ఆ మేరకు కుదించుకుపోతాయి.

దేశంలో ఈ విదేశీ పద్ధతికి కొంత దగ్గరగా వచ్చేది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) ఒక్కటే. 1979లో సి.బి.ఎస్.ఇ. ప్రాజెక్టుగా పుట్టి, 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా విడివడి, 2002లో ప్రస్తుత నామం పొందిన ఈ సంస్థలో పదో తరగతి నెగ్గి, 15 ఏళ్లు నిండినవారు సీనియర్ సెకండరీలో చేరవచ్చు. పది నెగ్గిన ఏడాదికే నాలుగు విషయాల వరకు పరీక్ష రాసివేయవచ్చు. పూర్తి ధ్రువపత్రం మాత్రం రెండేళ్ల వ్యవధి గడిచిన పిమ్మటనే లభిస్తుంది. నమోదు అయిదేళ్లపాటు చెల్లుతుంది. విషయాలను ఒక్కొక్కటిగా ముగించుకోవచ్చు. పడవ మీద తండ్రికి సాయపడుతూ చదివే కుర్రవానికి ఇది నిజమైన సదుపాయం. అయినా ఓపెన్ స్కూలు అంటే బడిలో నెగ్గలేనివారి ఆశ్రయమన్న చిన్నచూపు సమాజంలో ఇంకా పోలేదు. ఓపెన్ స్కూలు విద్యార్థులను వైద్య ప్రవేశ పరీక్షకు అనర్హులుగా ప్రకటించిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసేవరకు ఆ చిన్నచూపునకు ప్రభుత్వ ముద్ర కూడా ఉండేది.

పదమూడో ఏట ప్రయాణం

దీవుల్లోని తెలుగు కుటుంబాన్ని అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెట్టవలసిన నిబంధన విద్యామండలిది కాదు, స్థానికతకు సంబంధించినది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు ప్రధానంగా స్థానిక అభ్యర్థులు. ఉన్నత విద్యలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో వైద్య కోర్సుల నిబంధనలను సవరించి, తొమ్మిది నుంచి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివి ఉండాలని స్పష్టపరిచింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను సమర్థించింది.

లెక్క వేసి చూస్తే దీని తాత్పర్యం బోధపడుతుంది. జంగ్లీఘాట్‌లో చేపల వ్యాపారం చేసుకునే కుటుంబంలో చదువులో చురుకైన బాలిక ఉన్నదనుకుందాం. పదో తరగతి దీవిలోనే ముగించి, ఇంటర్మీడియట్‌కు విజయవాడ వెళ్లి, అమ్మమ్మ ఇంట ఉండి చదివినా ఆమె ఆంధ్రప్రదేశ్‌లో స్థానికురాలు కాజాలదు. ఆమె చదివినది రెండేళ్లే. ఇంట్లో తెలుగే మాట్లాడడం, తాతగారి ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండడం ఈ లెక్కలోకి రావు. నాలుగేళ్లు పూర్తికావాలంటే ఎనిమిదో తరగతి ముగియగానే, అంటే పదమూడో ఏటనో పద్నాలుగో ఏటనో ఆమె ఇల్లు విడిచిపెట్టాలి. సరిగ్గా ఆ తరగతి నుంచే ప్రైవేటు పాఠశాలల ఫౌండేషన్ కోర్సులు హాస్టల్ వసతితో సహా ఎదురుచూస్తుంటాయి. ప్రభుత్వ నిబంధనా, వ్యాపార ప్రకటనా ఈ విధంగా ఒకే వయసు వద్ద కలుసుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ బాలిక తల్లిదండ్రులకు మాత్రం రెండూ కలిసి ఒక్క మాటే చెబుతున్నాయి: ‘ఇప్పుడే పంపండి’.

పంపిన తరువాత తిరుగుదారి అంత సులభం కాదు. ఆ పిల్లకు సైన్సు పట్ల మక్కువ లేదని పదిహేనో ఏట తేలితే, అప్పటికి రెండేళ్ల హాస్టల్ ఖర్చు అయిపోయి ఉంటుంది. పన్నెండు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న తల్లికి ఆ సంగతి టెలిఫోన్‌లో చెప్పడానికి ఎంతమంది పిల్లలు సాహసిస్తారు? పండుగకు ఇంటికి వచ్చిపోవాలన్నా విమాన చార్జీ భరించాలి, లేదా సెలవుల్లో అధిక భాగం ఓడలోనే గడపాలి.

ఈ పరిస్థితిని చక్కదిద్దే ఉద్దేశంతో కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీచేసింది. పదహారేళ్లలోపు వారిని చేర్చుకోరాదనీ, పదో తరగతి పరీక్ష ముగిసిన తరువాతే ప్రవేశం కల్పించాలనీ అందులో స్పష్టంగా ఉన్నది. కాని మార్గదర్శకాలను అమలుపరచవలసినది రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు. పైగా అవి కోచింగ్ కేంద్రాలకు ఉద్దేశించినవి. పాఠశాలే కోచింగ్ కేంద్రమైనప్పుడు, ఉదయం ప్రార్థన నుంచి రాత్రి స్టడీ అవర్ వరకు ఒకే గోడల మధ్య జరిగేదంతా ‘బడి’గానే చలామణి అవుతుంది.

కొఠారీ చెప్పినది

చిన్న వయసులో శాఖ ఎంచుకునే పద్ధతిని ఈ దేశం ఒకసారి అనుభవించి విడిచిపెట్టిందన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ సిఫార్సులతో ఏర్పడిన బహుళార్థసాధక పాఠశాలల్లో మానవీయ శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రాలు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అనే ఏడు శాఖల్లో ఒకదానిని విద్యార్థి తొమ్మిదో తరగతి ప్రాంతంలోనే ఎన్నుకోవలసి వచ్చేది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ దీనిని తప్పుపట్టింది. పదేళ్లపాటు అందరికీ ఉమ్మడి విద్య ఉండాలనీ, ప్రత్యేక శాఖలు ఆ తరువాతే మొదలుకావాలనీ సూచించింది. 10+2+3 విధానానికి మూలం అదే. ఆంధ్రప్రదేశ్‌లో పి.యు.సి. స్థానే రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969-70లో రావడం, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడడం ఆ మార్పులో భాగమే. కమిషన్ ముందు తలుపు మూసింది. వ్యాపారం వెనుక తలుపు తెరిచింది.

2020 జూలై 29న ఆమోదం పొందిన జాతీయ విద్యావిధానం మళ్లీ ఒక మెట్టు మార్చింది. 5+3+3+4 అమరికలో తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లూ ఒకే మాధ్యమిక దశ. శాఖల నడుమ గట్టి గోడలు ఉండరాదని, విషయాల ఎంపికలో స్వేచ్ఛ పెరగాలని ఆ విధానం ఉద్దేశం. పదికీ పదకొండుకూ మధ్య ఉన్న గండిని ఈ నాలుగేళ్ల దశ పూడ్చగలదన్న ఆశ ఉన్నది. ఆ ఆశ ఎంతవరకు ఫలిస్తుందన్నది పుస్తకాల కూర్పు మీద, ఉపాధ్యాయుల మీద ఆధారపడుతుంది.

గండి ఉన్నమాట మాత్రం నిజం. దానిని కాదనడం తల్లిదండ్రుల భయాన్ని చిన్నచూపు చూడడమే అవుతుంది. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి మూలకాల వర్గీకరణ పాఠాన్ని తొలగించింది. ఆ పుస్తకం చదివిన విద్యార్థి పదకొండులో ఆవర్తన పట్టికను దాదాపు అపరిచితుణ్ణి కలిసినట్లు కలిశాడు. భౌతికశాస్త్రంలో సరళరేఖా గమనం పాఠం పదకొండో తరగతి మొదటి వారాల్లోనే వస్తుంది. తత్‌క్షణ వేగం అర్థం కావాలంటే అవకలనం తెలియాలి. అదే తరగతి గణిత పుస్తకంలో అవధులు, అవకలజాలు చివరి అధ్యాయాల వద్ద గాని కనిపించవు. ఉపాధ్యాయులు ఈ చిక్కును ఏటా ఎదుర్కొంటున్నారు. కొందరు భౌతికశాస్త్రం తరగతిలోనే ఆ గణితాన్ని గబగబా చెప్పి ముగిస్తారు. మరికొందరు సూత్రం కంఠస్థం చేయించి ముందుకు సాగుతారు.

తెలుగు పిల్లలకు దీనిపై మరో చిక్కు. దీవుల ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. భారతీయ భాషలన్నింటినీ బోధనా మాధ్యమంగా స్వీకరించవచ్చునని సి.బి.ఎస్.ఇ. 2023 జూలైలో ప్రకటించినప్పటికీ, పై తరగతుల సైన్సు వ్యవహారమంతా ఇంగ్లీషులోనో, హిందీలోనో జరిగేదే. కింది తరగతుల్లో ‘వేగం’, ‘త్వరణం’, ‘ద్రవ్యవేగం’ అని నేర్చుకున్న పిల్లవాడు పైకి పోగానే వాటినే వెలాసిటీగా, యాక్సిలరేషన్‌గా, మొమెంటమ్‌గా మళ్లీ నేర్చుకోవాలి. తెలిసిన విషయమే తెలియనట్లు కనిపించే ఆ మొదటి మూడు నెలల్లోనే తెలివైన పిల్లలు కూడా తాము సైన్సుకు పనికిరామని నిర్ణయించుకునే ప్రమాదం ఉన్నది.

ఈ కారణాల రీత్యా ముందుగా మొదలుపెట్టవలసినది ఒకటి ఉన్నదంటే అది పదకొండో తరగతి పాఠ్యప్రణాళిక కాదు. ఆ పాఠాలకు అవసరమైన గణిత పరికరాలు, పారిభాషిక పదాల పరిచయం. ఇందుకు రెండేళ్లు అక్కరలేదు, హాస్టలు అసలే అక్కరలేదు. పదో తరగతిలో వారానికి రెండు మూడు గంటలు చాలు. బాలికకు గణితమంటే ప్రీతి ఉంటే ఆ ఒక్క విషయాన్నే కొంత ముందుకు నడిపించవచ్చు. విక్టోరియాలో చేస్తున్నది అదే. తక్కిన విషయాలను వాటి కాలానికి వదిలివేయవచ్చు.

దీవిలో ఉండి చదివితే పై చదువులు ఉండవన్న పాత భయానికి కూడా ఇప్పుడు ఆధారం తగ్గింది. 1967 నాటి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం, 1984లో పాలిటెక్నిక్‌గా మొదలై తరువాత ఇంజనీరింగ్ డిగ్రీ కోర్సులు చేపట్టిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సాంకేతిక సంస్థ, 1990లో మాయాబందర్‌లో వెలసిన మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల ఉన్నాయి. అన్నింటికన్నా పెద్ద మార్పు 2015లో వచ్చింది. ఆ ఏడాది 100 ఎం.బి.బి.ఎస్. సీట్లతో అండమాన్, నికోబార్ వైద్యవిజ్ఞాన సంస్థ ప్రారంభమైంది. అంతకు ముందు వైద్యవిద్యకు కేంద్ర పూల్ నుంచి ప్రధాన భూభాగపు కళాశాలల్లో లభించే కొద్దిపాటి సీట్లే దీవుల పిల్లలకు దిక్కు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి. తక్కినవాటికి పోటీ లక్షల మందితో కాదు. ఈ ఒక్క లెక్క తెలిస్తే, విజయవాడ హాస్టలుకు కట్టబోయే ఫీజు గురించి ఏ తండ్రి అయినా మరొక రాత్రి ఆలోచిస్తాడు.

అయితే ఈ వాదన రాజధానిలో ఉన్నవారికి చెల్లినట్లు దూరపు దీవుల వారికి చెల్లదు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి శ్రీవిజయపురానికి రావడమే ఒక సముద్ర ప్రయాణం. ఉత్తరాన డిగ్లిపూర్ నుంచి వచ్చే రోడ్డు జరవా తెగవారి అభయారణ్యం గుండా, వాహనాలను కాన్వాయ్‌లుగా పంపే నిబంధనలకు లోబడి సాగుతుంది. తమ ఊరి పాఠశాలలో పదకొండో తరగతి సైన్సు లేని కుటుంబానికి పిల్లను పంపక తప్పదు. పంపడం ఖాయమైనప్పుడు రాజధాని అయితేనేమి, విశాఖ అయితేనేమి అని వారు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు పాఠ్యప్రణాళికలో లేదు. దూరపు దీవుల్లో సైన్సు ఉపాధ్యాయులను నియమించి నిలబెట్టడంలో ఉన్నది.

మిగిలిన సదుపాయం కాలం. 2025లో సి.బి.ఎస్.ఇ. పదో తరగతి పరీక్షలు మార్చి 18న ముగిశాయి. ఫలితాలు మే 13న వెలువడ్డాయి. ఏ పాఠశాల గుర్తింపునకూ భంగం లేకుండా, ఏ నిబంధననూ ఉల్లంఘించకుండా, ఎవరినీ ఇల్లు కదిలించకుండా అవకలనమూ, ఆవర్తన పట్టికా, ఇంగ్లీషు పారిభాషిక పదాలూ నేర్పడానికి నడుమ ఎనిమిది వారాలు ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. ఆ వారాల్లోనే ఉపాధ్యాయులు జవాబుపత్రాల మూల్యాంకనానికి వెళ్లవలసి ఉంటుంది. వారి స్థానంలో తరగతి తీసుకునేవారిని ఏర్పాటు చేయడం దీవుల విద్యాశాఖ చేతిలోని పని. ఈలోగా ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లల ఇళ్లలో మాత్రం నిర్ణయం అంతవరకు ఆగదు. తొమ్మిదో తరగతి ఎక్కడ చేరాలన్నది ఏప్రిల్ ఒకటో తేదీలోగా తేలిపోవలసిందే.